ఆషాఢంల లో-పాస్ ఫిల్టర్

ఛాయ్ చల్లారకముందే చెప్పేస్త, స్టాఫ్‌రూంల ఉన్నోళ్లు అందరు జర దగ్గరికి జరగుండ్రి. ఈ ఆషాఢంల నేనొక లో-పాస్ ఫిల్టర్ తయారు చేసిన. పుస్తకంల రాసినట్టే పనిచేసింది, ఇసుమంత తేడా లేదు. దాని పుణ్యాన మా మామ ముంగట తలెత్తలేక, నా పెండ్లాం ముంగట నోరెత్తలేక పోచంపల్లి నుంచి పాలమూరు దాక బస్సుల కూసొని వచ్చిన. ఖాజా సాబ్, మీరు ఇప్పుడే నవ్వొద్దు. ఇండ్ల మీరు గూడ సగం ముద్దాయే.

మీకు తెలిసిందే, వైశాఖంల నా పెండ్లయింది. పద్మ వాళ్లది పోచంపల్లి. మా మామ నేత పని చేస్తడు. ముంగటి అర్రలనే గుంట మగ్గం, ఆ మగ్గం పక్కనే టేప్ రికార్డర్. పద్మ ఇక్కడ పాలమూరుల మా కిరాయి ఇంటికి వచ్చి నెల దాటిందో లేదో, ఆషాఢం నెత్తి మీదికి వచ్చింది. కొత్త కోడలు అత్త ఉన్న ఇంట్ల ఉండొద్దు, కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కొద్దు. మా అమ్మకు ఈ లెక్కలు నోటికి వచ్చు. మా బామ్మర్ది శ్రీను సూట్‌కేసు తెచ్చిండు, చెల్లెను ఎక్కించుకొని పోయిండు. నేను బస్టాండ్ల చెయ్యి ఊపుకుంట నిలవడ్డ.

అప్పటి సంది నాకు రంది పట్టుకుంది. దాచేదేముంది, మీరందరు పెండ్లయినోళ్లే. సాయంత్రం కాలేజ్ నుంచి పోతుంటే మా గల్లీ మలుపు కాడ నా కాళ్లు వాటంతట అవే జోరందుకునేటివి. నాలుగు అడుగులు వేసినంక యాదికొచ్చేది, ఇంట్ల ఆమె లేదని. గూట్లె ఆమె దువ్వెన అట్లనే ఉండె. దండెం మీద ఒక రుమాలు మరిచిపోయి పోయింది. మా అమ్మ దాన్ని ఉతికి మడత పెడ్తనంటే ఒద్దన్న. ఎందుకు ఒద్దంటున్నవ్ రా అంటే, సబ్బు దండుగ అన్న.

మరి ఉత్తరాలు రాసుకోవచ్చు గదా అంటరు. రాసుకున్నం. నాకు వచ్చిన ఉత్తరం మా అమ్మకు చదివి వినిపియ్యాలె. అక్కడ నేను రాసింది శ్రీను గట్టిగ చదువుతడు, మగ్గం మీదున్న మామ ఊఁ కొడ్తడు. ఇగ ఏం రాస్త? మీ దిక్కు వానలు పడ్తున్నయా అని రాసిన. పడ్తున్నయి అని జవాబు వచ్చింది. పెండ్లయిన కొత్తల మొగుడు పెండ్లాలు వానల గురించి అంత శ్రద్ధగ రాసుకునుడు నేను ఎక్కడ చూడలే.

అట్లుండంగ ఒక శుక్రవారం నాడు పాలమూరు బస్సు కండక్టర్ కాలేజ్‌కు కబురు పంపిండు, సారూ మీ పేరు మీద పొట్లం వచ్చిందని. శ్రీను వారానికి రెండుసార్లు చీరెలు తీసుకొని పట్నం సేటు దుకాణానికి పోతడు గదా, పద్మ ఇచ్చిన పొట్లాన్ని అక్కడ మన బస్సుల ఎక్కించిండు. ఇప్పి చూస్తే ఒక క్యాసెట్. పైన మా మామ చేతిరాతతోని ‘భజనలు’ అని ఉంది. చిట్టీ లేదు, ఏం లేదు. అల్లునికి ఆషాఢంల భజనలు పంపుతరా ఎవరన్న? అప్పుడే అర్థమైంది, ఇండ్ల ఆమె గొంతు ఉందని.

ఇంట్ల వినలేను, అమ్మ ఉంటది. ఖాజా సాబ్ టేప్ రికార్డర్ అడిగి తీసుకొని, మన ల్యాబ్‌ల తలుపేసుకొని పెట్టిన. మొదలు ఏం వచ్చిందంటే టక్కు, టక్కు, ధన్. టక్కు, టక్కు, ధన్. మా మామ మగ్గం. ఆ సప్పుడు అడుగున ఎక్కడనో పద్మ మాట్లాడుతాంది. గొంతు ఆమెదే అని తెలుస్తాంది, మాట ఒక్కటి పడ్తలేదు. వాళ్లింట్ల ప్లగ్గు ఒక్కటే, అది మగ్గం పక్కన ఉంది. పైగ మగ్గం నడుస్తుంటేనే ఆమె మాట్లాడేది బాపుకు వినవడదు. ఆ తెలివితోనే అట్ల చేసింది. బాపుకు వినవడలేదు సరే, నాకు గూడ వినవడలేదు.

ఒక్క కాడ మామ దారం కండె మార్చుకునేటందుకు మగ్గం ఆగింది. ఆ కాస్త సందుల పద్మ గొంతు సాఫ్‌గ వచ్చింది.

"ఆదివారం నాడు నేను..."

అంతే. మళ్ల టక్కు, టక్కు, ధన్.

ఆదివారం అంటే ఎల్లుండి. ఏమైతది ఆదివారం నాడు? ఎక్కడికన్న పోతుందా? వస్తుందా? పానం బాగలేక దవాఖానకు పోతుందా? వెనక్కి చుట్టి విన్న, ముంగటికి చుట్టి విన్న, స్పీకర్‌కు చెవి ఆనించి విన్న. ఉత్తరం రాస్తే అది చేరేసరికి ఆదివారం దాటుతది. ఫోన్ వాళ్లూర్ల పోస్టాఫీసుల ఉంది. దానికి చేస్తే పోచంపల్లి అంత తెలుస్తది, పాలమూరు అల్లుడు ఆషాఢం ఆగలేక ఫోన్ చేసిండని. నేనే పోదామంటే గడప అడ్డం. ఆమె ఏదో చెప్పింది, నా కోసమే చెప్పింది, అది నా చేతిల ఉంది, నాకు అందుతలేదు. ఎంత తన్లాట అయిందో చెప్పలేను.

అప్పుడు నాల ఉన్న లెక్చరర్ లేచి నిలవడ్డడు.

చూడుండ్రి, ఆ ‘టక్కు’ అనేది పదునైన సప్పుడు. గొంతు కన్న అది పైన ఉంటది. మూడు వేల హెర్ట్జ్ పైనున్నదంత కోసేస్తే మాట బయట పడ్తది. దానికి ఒక ఆప్-ఆంప్, రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు చాలు. యాక్టివ్ లో-పాస్ ఫిల్టర్, అంటే కింది సప్పుడును పోనిచ్చి పై సప్పుడును ఆపేది. ఏటేటా సెకండ్ ఇయర్ పిల్లలకు చెప్పేదే. బోర్డు తుడిచి, చాక్‌పీసు తీసుకొని ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ డిరైవ్ చేసుడు మొదలు పెట్టిన.

మన తెలుగు లెక్చరర్ సారు మొకం చిన్నగ చేసుకుంటున్నడు, ఆయన కోసం చెప్తున్న. కష్టమేం కాదు సారూ. ఒక్కొక్క నోడ్ కాడ వచ్చే కరెంటు ఎంత, పోయే కరెంటు ఎంత అని రాసుకోవాలె. నడుమల ఉన్న వోల్టేజ్‌ను మెల్లగ తీసేసుకుంట పోవాలె. చివరికి అవుట్‌పుట్, ఇన్‌పుట్ రెండే మిగుల్తయి. వాటి నిష్పత్తే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్. దేన్ని పంపాలె, దేన్ని ఆపాలె, అంత అండ్లనే ఉంటది.

క్లాసుల ఎన్నోసార్లు చేసిన గాని, ఆనాడు చేసినంత మనసు పెట్టి ఎన్నడు చెయ్యలే. నడుమల ఉన్నోళ్లను ఒక్కొక్కల్ని తీసేసుకుంట పోతున్న. మా అమ్మ పోయింది, బామ్మర్ది పోయిండు, మామ పోయిండు. చివరి లైన్ల నేను, ఆమె మిగిలినం. పైన ఒకటి, కింద ఎస్ స్క్వేర్ తోని చక్కటి ఎక్స్‌ప్రెషన్ వచ్చింది. దాన్ని చూసుకుంట చాలాసేపు స్టూల్ మీద కూసున్న. ఎంత ముద్దుగ ఉండెనో.

కటాఫ్ మూడు వేలు అని పెట్టి రెసిస్టర్ల విలువ తీసిన. శనివారం క్లాసులు అయినంక సోల్డరింగ్ చేసి, టేప్ రికార్డర్‌కు, స్పీకర్‌కు నడుమల ఫిల్టర్ పెట్టి, దేవునికి మొక్కి స్విచ్ వేసిన.

ధన్. ధన్. ధన్.

‘టక్కు’ పోయింది, అది నిజం. దాంతోని పద్మ గూడ పోయింది. రగ్గు కప్పుకొని లోపల్నుంచి ఎవరో గొణుగుతున్నట్టు ఒక్క ఊఁ ఊఁ మిగిలింది. మగ్గం మాత్రం ఇంతకుముందు కన్న గంభీరంగ మోగుతాంది. అంటే నా ఫిల్టర్ నా పెండ్లాంను గేటు కాడనే ఆపేసి, మా మామకు దండేసి లోపలికి పంపుతాంది.

డెరివేషన్ తప్పు పోయిందేమో అని మళ్ల చేసిన. అదే వచ్చింది. ఇంకో పద్ధతిల చేసిన. అదే వచ్చింది. ఆప్-ఆంప్ ఖరాబైందని మార్చిన. కెపాసిటర్లు పాతయి అని తిట్టిన. ఆదివారం పొద్దుగాల మా అమ్మకు స్పెషల్ క్లాస్ ఉందని చెప్పి మళ్ల వచ్చి కూసున్న. పాపం మా అమ్మ, ఆదివారం గూడ పిల్లల కోసం ఎంత కష్టపడ్తున్నడని డబ్బల సద్ది కట్టిచ్చింది. ఆ సద్ది తినకుంటనే మధ్యాహ్నం అయింది. కొత్త ఆప్-ఆంప్, కొత్త కెపాసిటర్లు, అదే మామ.

అప్పుడు ఈ ఖాజా సాబ్ వచ్చిండు, తన టేప్ రికార్డర్ తీసుకపోదామని.

"ఆదివారం పూట ఏం చేస్తున్నవ్ భాయ్?" అన్నడు.

"ఫిల్టర్. పనిచేస్తలేదు."

బోర్డు ముంగట చేతులు ఎనక కట్టుకొని నిలవడ్డడు. పై నుంచి కింది దాక చదివిండు. "డెరివేషన్ బరాబర్ ఉంది. ఈ మూడు వేలు ఏంది?"

"కటాఫ్."

"హెర్ట్జ్‌లనా?"

"హెర్ట్జ్‌ల కాకుంటే తులాలల్లనా సాబ్?"

"లెక్కల పెట్టేది రేడియన్లు గదా భాయ్. టూ పై ఏది?"

మీరు ఎట్ల చూస్తున్నరో గట్లనే చూసిండు ఆయన గూడ. టూ పై. హెర్ట్జ్‌ను దాంతోని గుణిస్తేనే రేడియన్లు. ఆ టూ పై మరిచిపోయినోళ్లకు నేను మార్కులు కోసి, ఎర్ర పెన్నుతోని ‘అజాగ్రత్త’ అని రాస్త. పోయిన సారి ఒక పిల్లగాణ్ని నిలవెట్టి, ఇంటి పేరు మరిచిపోతవా, టూ పై ఎట్ల మరుస్తవ్ అని క్లాసు ముంగట అడిగిన. మూడు వేల కాడ ఆపాల్సిన ఫిల్టర్ ఐదు వందల లోపలనే గొంతు పట్టుకుంది. అందుకే పద్మ గొంతుకు ఊపిరాడలేదు.

గబగబ రెసిస్టర్లు మార్చిన. ఆ తొందరల వేలు గూడ కాల్చుకున్న. స్విచ్ వేసేటప్పుడు ఖాజా సాబ్ మర్యాదగ వరండలకు పోయిండు. తలుపు కాడనే ఆగిండని తర్వాత తెలిసింది.

వచ్చింది. మగ్గం ఎనకకు జరిగింది, పద్మ ముంగటికి వచ్చింది. ఇన్ని రోజులకు విన్న గొంతు. అంత దగ్గర్నుంచి వినేసరికి మొదటిసారి ఏమన్నదో గూడ మనసుకు పట్టలే, ఉత్త గొంతే విన్న. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మళ్ల ఎనకకు చుట్టి అప్పుడు మాట విన్న.

"ఆదివారం నాడు నేను అన్నతోని పట్నం వస్తున్న. అన్న సేటు కాడ ఉన్నంతసేపు నేను గాజులు కొనుక్కుంటనని చెప్పి గౌలిగూడ బస్టాండ్‌కు వస్త. మీ పాలమూరు బస్సులు ఆగే కాడ ఉంట. పన్నెండు నుంచి మూడు దాక చూస్త. నువ్వు తెచ్చిన ఆకుపచ్చ చీరె కట్టుకుంట. ఆషాఢం అత్తగారింటి గడపకు గదా, బస్టాండ్‌కు గడప లేదు గదా. తప్పకుంట రా."

గోడ గడియారం దిక్కు చూసిన. రెండున్నర.

వరండలకెళ్లి ఖాజా సాబ్ గొంతు వచ్చింది. "భాయ్, ఉరుకు."

ఉరికిన. తెలుసు, బస్సు పట్నం చేరేసరికి సాయంత్రం అయితదని. లెక్కలు చేసేటోన్ని గదా, ఆ లెక్క రాకనా? అయినా ఏదో ఆశ. సేటు పైసలు ఇయ్యక లేటు చేసిండేమో, వాన పడి ఆగిన్రేమో. షాద్‌నగర్ దాటినంక నిజంగనే వాన కొట్టింది. ఆ వానను చూసి నేనెంత సంబుర పడ్డనో, బస్సుల అందరు అద్దాలు ఏసుకుంట తిట్టుకుంటున్నరు.

గౌలిగూడల దిగేసరికి పొద్దు గూకుతాంది. మన బస్సులు ఆగే కాడికి పోయిన. మూటలు, పిల్లలు, మక్కబుట్టలు కాల్చేటామె. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగిన. దూరంగ ఒక ఆకుపచ్చ చీరె కనవడ్డది. అటు మళ్లుకొని నిలవడ్డది. మూటలు దాటుకుంట దగ్గరికి పోయిన. ఆమె ఇటు మళ్లింది. మా అమ్మంత వయసుంది.

"ఏంది బిడ్డా?" అన్నది.

"ఏం లేదమ్మా. కొల్లాపూర్ బస్సు ఎక్కడ ఆగుతదో అని."

పాపం ఆమె నన్ను చెయ్యి పట్టుకొని తీసుకపోయి కొల్లాపూర్ బస్సు కాడ నిలవెట్టింది. నేను ఎక్కేదాక చూస్తదేమో అని భయమైంది. ఆమె పోయినంక మళ్ల ఎనకకు వచ్చి, ఒక స్తంభానికి ఆనుకొని నిలవడ్డ. పద్మ ఎక్కడ నిలవడి చూసిందో గూడ నాకు తెల్వదు. ఈ స్తంభం కాడనా, ఆ బెంచీ మీదనా? మూడు గంటలసేపు వచ్చే ప్రతి బస్సుల నుంచి నేను దిగుతననుకొని చూసి ఉంటది. నేను దిగలేదు. చివరికి గాజులన్న కొనుక్కుందో లేదో. మళ్ల పాలమూరు బస్సు ఎక్కి ఇంటికొచ్చిన. స్పెషల్ క్లాస్ ఎట్లయింది రా అని అమ్మ అడిగింది. మంచిగనే అయిందన్న.

ఇక్కడ దాక అయితే నేను మీకు ఈ కథ చెప్పకపోదును. మొన్న శ్రావణం వచ్చింది, పద్మను తీసుకొచ్చేటందుకు పోచంపల్లి పోయిన. పోయేముందు తెలివిగ ఒక పని చేసిన. క్యాసెట్ల పద్మ మాట్లాడినదంత తుడిపేసిన. తుడిపే ముందు ఎన్నిసార్లు విన్ననో అడగొద్దు. తుడిపిన క్యాసెట్‌ను మామ చూడకుంట టేప్ రికార్డర్ ఎనక పెట్టిన. సాక్ష్యం మాయం అనుకున్న.

పద్మ నీళ్లు ఇచ్చింది, నా దిక్కు చూడలే. ఆ ఆదివారం సంగతి చెప్పేటందుకు ఒక్క నిమిషం సందు దొరకలే. అత్త కోడిని కోసింది. నేను, మామ, శ్రీను వరుసగ కూసున్నం. మామకు క్యాసెట్ కనవడ్డది.

"అరె, ఇది ఇక్కడనే ఉన్నదా? ఎన్ని రోజుల సందో దేవులాడుతున్న. అల్లుడా, మా గుళ్లె మేం పాడిన భజన ఇది. రెండో దిక్కు నా పాట ఉంటది, ఇను."

మొదటికి చుట్టి పెట్టిండు. తాళాలు, మద్దెల, మామ గొంతు మంచిగనే ఉంది. నేను తింటున్న, మామ తలూపుతున్నడు, అత్త వడ్డిస్తాంది. చాలాసేపైనంక భజన నడుమల టక్కున ఆగింది. మగ్గం సప్పుడు లేదు, గాలి సప్పుడు లేదు. పద్మ గొంతు.

"ఇగో, ఇందాక చెప్పింది మగ్గం సప్పుడుకు ఇనవడ్తదో లేదో అని మళ్ల చెప్తున్న. బాపు తినబోయిండు. ఆదివారం నాడు నేను అన్నతోని పట్నం వస్తున్న..."

అంత చెప్పింది. గాజులు, గౌలిగూడ, ఆకుపచ్చ చీరె, గడప లేని బస్టాండ్. దాని మీద మొదటి దిక్కు లేనిది గూడ ఉంది. "ఇంట్ల అందరున్నరు. అయినా నువ్వు లేక నాకు ఒక్కదాన్నే అనిపిస్తాంది. తిన్నది ఒంట వడ్తలేదు."

అన్నం ముద్ద చేతిల అట్లనే ఉంది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందుగాల అనిపించింది ఏందంటే, ఎంత సాఫ్‌గ ఉందిరా ఈ గొంతు, ఒక్క రెసిస్టర్ లేకుంట.

శ్రీను చెల్లె దిక్కు చూసిండు. "గాజులు అంటివి గదనే." అత్త వంటింట్లకు పోయింది. మామ టేప్ బంద్ చేసిండు. ఇగ తిడ్తడు అనుకున్న.

"పోయినవా మరి, అల్లుడా?"

"ఆలస్యమైంది మామా. మగ్గం సప్పుడుకు మాట ఇనవడలే."

"రెండో దిక్కు మళ్లేసి ఇనలేదా?" అన్నది పద్మ తలుపు కాడ నుంచి. ఆ నెలల నాతోని ఆమె మొకం చూసి మాట్లాడిన మొదటి మాట అదే.

మళ్లేసిన, అబద్ధం చెప్పను. మొదటి నుంచి పెట్టి, భజన మోగంగనే బంద్ చేసిన. ఆమె మొదటి దిక్కు మాట అయిపోయిన కాడనే క్యాసెట్ మళ్లేసి మాట్లాడింది. అంటే రెండో దిక్కు ఆమె గొంతు నడుమల పడ్తది గాని మొదట్ల ఎట్ల ఉంటది? టేప్ రికార్డర్ విప్పి బిగించేటోన్ని, ఇంత మాత్రం తోచలే.

మామకు కోపం వచ్చింది గాని, నేననుకున్న దానికి కాదు. "బస్సులు లేని కాలంల నేను మీ అత్త కోసం ఆషాఢంల భువనగిరి దాక నడిచి పోయిన. నీకు గంటకో బస్సు ఉండంగ నా బిడ్డను బస్టాండ్ల నిలవెడ్తవా?" అన్నడు. వంటింట్ల గిన్నె కింద పడ్డ సప్పుడైంది. శ్రీను ఒక్కటే నవ్వుడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల పద్మ కిటికీ పక్కన కూసుంది. చేతులకు కొత్త గాజులున్నయి. పట్నం దాటినంక అడిగింది.

"ఆ ఆదివారం పన్నెండు నుంచి మూడు దాక నువ్వేం చేస్తున్నవ్?"

"నీ గొంతు వినేటందుకు ఫిల్టర్ చేస్తున్న."

ఆమె నా దిక్కు మళ్లింది. నవ్వుతుందో ఏడుస్తుందో తెల్వలే.

"నా గొంతు కోసమా? నేను అక్కడ నిలవడి ఉంటి గదా."

చెయ్యి పట్టుకున్న, ఆమె ఎనకకు తీసుకోలే, అంతవరకు నయం. ఇంతకు నా డెరివేషన్‌ల మాత్రం తప్పు లేదు, ఖాజా సాబ్‌ను అడగుండ్రి. రేపు సెకండ్ ఇయర్ పిల్లలకు అదే చెప్పాలె. సార్, ఈ ఫిల్టర్ తోని లాభమేంది అని ఎవడు అడగకుంటే చాలు.